పాలు లేని పనీరు

పాలు పడనివారు రెండు రకాలు. ఈ తేడా తెలియకపోతే పనీరు బదులు ఏం తినాలో తేల్చుకోవడం కష్టం. అందుకని ముందు ఆ తేడా చూడాలి.

మొదటి రకం వారికి పాలలోని చక్కెర అరగదు. ఆ చక్కెర పేరు లాక్టోజ్. ఆవుపాలైనా, గేదెపాలైనా 100 గ్రాముల్లో సుమారు 5 గ్రాములు ఉంటుంది. దీన్ని విడగొట్టడానికి చిన్నపేగులో లాక్టేజ్ అనే ఎంజైమ్ తయారవుతుంది. పసిపిల్లల్లో ఇది పుష్కలంగా ఉంటుంది. తల్లిపాలు మానేశాక చాలామందిలో మెల్లగా తగ్గిపోతుంది. అది తగ్గితే లాక్టోజ్ అరగకుండానే పెద్దపేగుకి చేరుతుంది. అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెడుతుంది. గ్యాస్ పుడుతుంది. పేగులోకి నీరు ఊరుతుంది. అందుకే పాలు తాగిన గంటకో, రెండు గంటలకో పొట్ట ఉబ్బుతుంది. కడుపులో గుడగుడమంటుంది. కొందరికి విరేచనాలవుతాయి.

ఇది జబ్బు కాదు. ప్రపంచంలోని పెద్దవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి లాక్టోజ్ పూర్తిగా అరగదు. పెద్దయ్యాక కూడా పాలు అరిగించుకోగలగడమే నిజానికి ఒక జన్యుమార్పు ఫలితం. ఆ మార్పు భారతదేశంలో ఎక్కడ ఎంతుందో 2012లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. హైదరాబాదులోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కూడా అందులో పాలుపంచుకున్నారు. ఆ మార్పు వాయవ్య రాష్ట్రాల్లో ఎక్కువగా కనిపించింది. దక్షిణానికీ, తూర్పుకీ వచ్చేకొద్దీ తగ్గింది. పశువులను మేపుకుని బతికే సముదాయాల్లో మాత్రం ఎక్కువగానే ఉంది. కాబట్టి తెలుగు ఇళ్లలో పాలు పడనివారు కనిపిస్తే వింతేమీ లేదు.

రెండో రకం వేరు. అది ఎలర్జీ. ఇక్కడ పడనిది చక్కెర కాదు, పాలలోని ప్రోటీన్. కేసీన్ గానీ, విరుగుడు నీళ్లలో ఉండే వే ప్రోటీన్ గానీ ఒంటికి శత్రువులా తోస్తుంది. దద్దుర్లు లేస్తాయి. పెదాలు వాస్తాయి. వాంతులవుతాయి. ఒక్కోసారి ఊపిరి ఆడదు. ఇది ప్రాణం మీదికి వచ్చే సంగతి. పిల్లల్లో ఎక్కువ. చాలామందిలో పెద్దయ్యేకొద్దీ తగ్గిపోతుంది, కొందరిలో ఉండిపోతుంది.

ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. లాక్టోజ్ అరగనివారు పాలపదార్థాలన్నీ మానేయనక్కర్లేదు. పాలు పెరుగయ్యేటప్పుడు కొంత లాక్టోజ్‌ను బాక్టీరియా వాడేసుకుంటుంది. అందుకే పాలు పడని చాలామందికి పెరుగు పడుతుంది. నెయ్యిలో లాక్టోజ్ దాదాపు ఉండదు. పనీరు చేసేటప్పుడు పాలు విరగ్గొట్టి నీళ్లు పారబోస్తారు. లాక్టోజ్‌లో ఎక్కువ భాగం ఆ నీళ్లతోనే పోతుంది. నెలల తరబడి మాగబెట్టిన చెడ్డార్, పార్మెజాన్ లాంటి గట్టి చీజ్‌లలో మిగిలేది అతి స్వల్పం. ఎంతవరకు పడుతుందో కొంచెం కొంచెంగా తిని చూసుకోవచ్చు.

ఎలర్జీ ఉన్నవారికి ఈ వెసులుబాటు లేదు. పెరుగూ వద్దు, పనీరూ వద్దు, చీజూ వద్దు. లాక్టోజ్ తీసేసిన పాలు కూడా వద్దు, ఎందుకంటే అందులో ప్రోటీన్ అలాగే ఉంటుంది. తనది ఏ రకమో తెలియనివారు ఇంట్లో ప్రయోగాలు చేయకుండా ముందు డాక్టరుకు చూపించుకోవాలి. గుర్తుంచుకోండి: చక్కెర పడనివారికి కొలత ముఖ్యం. ప్రోటీన్ పడనివారికి ఒక్క చుక్క కూడా ముఖ్యమే.

ఇప్పుడు అసలు సంగతి. పనీరు బదులు, చీజ్ బదులు ఏం వాడాలి?

అన్ని వంటలకూ సరిపోయే ఒకే బదులు లేదు. వంటలో పనీరు గానీ, చీజ్ గానీ ఏం పని చేస్తోందో చూడాలి. పాలకు బదులు వాడేది గింజలనే కాబట్టి, ఆ పనికి తగ్గ గింజను ఎంచుకోవాలి. పాలకూర కూరలో పనీరు పని ముక్కగా నిలబడటం. రొట్టె మీద చీజ్ పని మెత్తగా పరుచుకోవడం. పిజ్జా మీద దాని పని కరిగి తీగలా సాగడం. పాలలో ఈ మూడు పనులూ ప్రధానంగా కేసీనే చేస్తుంది. గింజల్లో కేసీన్ లేదు. అందుకే ఒక్కో పనికి ఒక్కో గింజను వెతుక్కోవాలి.

మొదటి పని ముక్కగా నిలబడటం. దీనికి సోయా గింజను మించింది లేదు. సోయా పాలు విరగ్గొట్టి చేసే పనీరునే టోఫు అంటారు. ఇది చైనాలో పుట్టింది. రెండు వేల ఏళ్ల కిందట హాన్ వంశపు రాకుమారుడు లియు ఆన్ దీన్ని కనిపెట్టాడని అక్కడ ఒక ఐతిహ్యం ఉంది. చైనా నుంచి కొరియాకి, జపాన్‌కి పాకింది. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో లీ యూయింగ్ అనే చైనా యువకుడు పారిస్ దగ్గర సోయా కర్మాగారమే పెట్టాడు. మన దేశంలో భోపాల్‌లోని కేంద్రీయ వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ సోయా పాలు, సోయా పనీరు తయారీలో చాలాకాలంగా శిక్షణ ఇస్తోంది. తెలంగాణలో ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల రైతులు సోయా పండిస్తారు. కాబట్టి ఇది తెలుగు నేలకు కొత్త పంట కాదు. వంటింటికే కొంచెం కొత్త.

సోయా గింజలో సుమారు 40 శాతం ప్రోటీన్, 20 శాతం నూనె ఉంటాయి. ఇంత ప్రోటీన్ ఉండటం వల్లే దాని పాలు పాలలాగే విరిగి, గట్టిగా కట్టుకుంటాయి. అయితే పచ్చి సోయాలో ప్రోటీన్‌ను అరగనివ్వని పదార్థాలు కొన్ని ఉంటాయి. ట్రిప్సిన్ ఇన్హిబిటర్లు అలాంటివే. బాగా మరిగిస్తే వాటి పని చాలావరకు అణిగిపోతుంది. అందుకే సోయా పాలను పచ్చిగా ఎప్పుడూ తాగకూడదు.

ఇంట్లో చేసే పద్ధతి ఇది. పావుకిలో సోయా గింజలు కడిగి, రాత్రి నానబెట్టాలి. తెల్లారేసరికి రెండింతలకు పైగా ఉబ్బుతాయి. చేత్తో నులిమితే పొట్టు పైకి తేలుతుంది. దాన్ని వంచేయాలి. ఇక్కడొక కిటుకు ఉంది. సోయాకి ఒక పచ్చివాసన ఉంటుంది. చాలామంది సోయాను ఒకసారి తిని మానేసేది ఈ వాసన వల్లే. గింజ నలిగినప్పుడు అందులోని ఒక ఎంజైమ్ నూనెతో కలిసి ఆ వాసన పుట్టిస్తుంది. వేడి తగిలితే ఎంజైమ్ పనిచేయదు. కాబట్టి చన్నీళ్లతో కాకుండా, బాగా వేడినీళ్లతో రుబ్బాలి. మిక్సీ గిన్నె సగానికి మించి నింపకూడదు. వేడి ఆవిరికి మూత ఎగిరే ప్రమాదం ఉంది.

రుబ్బడానికీ, పలచన చేయడానికీ కలిపి మొత్తం రెండు లీటర్ల నీళ్లు పడతాయి. రుబ్బినదాన్ని పలచటి నూలుగుడ్డలో వడగట్టి, గట్టిగా పిండాలి. కిందికి దిగినవి సోయా పాలు. గుడ్డలో మిగిలింది పిప్పి. పిప్పి పారేయనక్కర్లేదు. శనగపిండిలో కలిపి వడలు వేసుకోవచ్చు. పాలను పెద్ద గిన్నెలో పోసి కాచాలి. గిన్నె పెద్దదే ఎందుకంటే, సోయా పాలు మామూలు పాలకంటే ఎక్కువగా నురగ కట్టి పొంగుతాయి. పొంగు వచ్చాక సన్నని సెగ మీద పది పదిహేను నిమిషాలు మరగనివ్వాలి. గరిటె తిప్పుతూనే ఉండాలి, లేకపోతే అడుగంటుతుంది.

తర్వాత పొయ్యి ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగాలి. మూడు పెద్ద చెంచాల నిమ్మరసాన్ని అరకప్పు నీళ్లలో కలపాలి. నిమ్మకాయలు లేకపోతే ఒక చెంచాడు నిమ్మ ఉప్పు కరిగించినా చాలు. ఈ పులుపు నీళ్లు ఒక్కసారిగా కుమ్మరించకూడదు. రెండు మూడు విడతలుగా పోస్తూ, గరిటెతో మెల్లగా ఒకటి రెండుసార్లు తిప్పాలి. బాగా కలియబెడితే ముక్క గట్టిపడదు, పొడిపొడిగా అవుతుంది. మూత పెట్టి పది నిమిషాలు వదిలేయాలి. తెల్లని విరుగుడు ఒకవైపు, లేత పసుపు నీళ్లు ఒకవైపు విడిపోతాయి. నీళ్లు ఇంకా పాలలాగే తెల్లగా ఉంటే పులుపు చాలలేదని అర్థం. ఇంకొంచెం పోయాలి.

చిల్లుల గిన్నెలో గుడ్డ పరిచి, విరుగుడు పోసి, గుడ్డ మడిచి, పైన బరువు పెట్టాలి. అరగంటలో గడ్డ కడుతుంది. దాన్ని చల్లని నీళ్లలో వేస్తే ఇంకా బిగుస్తుంది. పావుకిలో గింజలకు 350, 400 గ్రాముల పనీరు వస్తుంది. ఫ్రిజ్‌లో నీళ్లలో ముంచి ఉంచి, రోజూ నీళ్లు మారుస్తూ మూడు రోజుల్లో వాడేయాలి.

ఈ ముక్కకు తనదంటూ రుచి తక్కువ. పాల పనీరులోని కమ్మదనం ఇందులో ఉండదు. అయితే ఉప్పూ కారాలను బాగా పీల్చుకుంటుంది. కాబట్టి కూరలో వేసేముందు ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి, అరగంట ఉంచాలి. తర్వాత పెనం మీద కొంచెం నూనెతో ఎర్రగా కాల్చుకోవాలి. అప్పుడు పాలకూరలో వేసినా, బఠాణీలతో వండినా ముక్క చెదరదు. చేత్తో చిదిపి ఉల్లిపాయ, పచ్చిమిర్చితో వేయిస్తే బుర్జీ అవుతుంది.

సోయా కూడా పడనివారు ఉంటారు. పాల ఎలర్జీ ఉన్న పసివాళ్లలో కొందరికి సోయా ఎలర్జీ కూడా ఉంటుంది. అలాంటివారికి శనగపిండి ఉంది. బర్మాలోని షాన్ ప్రజలు శనగపిండితోనే టోఫు చేస్తారు. దానికి విరగ్గొట్టే పనే లేదు. ఒక కప్పు శనగపిండిని మూడు కప్పుల నీళ్లలో ఉండ కట్టకుండా కలపాలి. ఉప్పు, చిటికెడు పసుపు వేయాలి. సన్నని సెగ మీద తిప్పుతూ పది నిమిషాలు ఉడికించాలి. చిక్కబడి నిగనిగలాడగానే నూనె రాసిన పళ్లెంలో పోయాలి. సంగటి ఆరితే గట్టిపడినట్టే ఇదీ గంటలో గట్టిపడుతుంది. ఇక్కడ ముక్క కట్టేది ముఖ్యంగా పిండిపదార్థం. అందుకే పులుసులో ఎక్కువసేపు ఉడికిస్తే మెత్తబడిపోతుంది. ముక్కలు విడిగా వేయించి, కూర దించేముందు వేయాలి.

వేరుశనగ పాలు కూడా విరుగుతాయి. అనంతపురం జిల్లా పేరు చెబితే గుర్తొచ్చే పంట ఇది. కానీ వేరుశనగలో ప్రోటీన్ సుమారు 25 శాతమే. నూనె దాదాపు సగం. అందుకని సోయా అంత గట్టి ముక్క రాదు. చిదిపి వండే కూరలకు బాగుంటుంది. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. ముడుచుకుపోయిన గింజలు, బూజు పట్టినవి, రంగు మారినవి ఏరి పారేయాలి. వాటిలో అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థం ఉండవచ్చు. వండినా అది పూర్తిగా పోదు.

రెండో పని మెత్తగా పరుచుకోవడం, గ్రేవీలో కమ్మగా కలవడం. ఈ పనికి జీడిపప్పు తగింది. కుర్మాలో జీడిపప్పు ముద్ద వేయడం తెలుగు వంటింటికి తెలిసిన విద్యే. దానికే కొంచెం పులుపు, ఉప్పు తోడైతే రొట్టె మీద రాసుకునే చీజ్ అవుతుంది. శ్రీకాకుళం జిల్లా పలాస జీడిపప్పుకి పేరు పడ్డ ఊరు. గుండు పప్పే కొననక్కర్లేదు. ముక్కలు, బద్దలు చవగ్గా దొరుకుతాయి. ఎలాగూ రుబ్బేదే కాబట్టి రుచిలో తేడా రాదు.

ఒక కప్పు ముక్కలు వేడినీళ్లలో గంటసేపు నానబెట్టాలి. నీళ్లు వంపేసి, రెండు చెంచాల నిమ్మరసం, అరచెంచా ఉప్పు, ఒక వెల్లుల్లి రెబ్బ వేసి రుబ్బాలి. మిక్సీ తిరగడానికి సరిపడా మాత్రమే నీళ్లు పోయాలి. వెన్నలా వచ్చేదాకా ఆపకూడదు. మిరియాల పొడి గానీ, కొత్తిమీర గానీ కలుపుకోవచ్చు. ఫ్రిజ్‌లో పెట్టుకుని మూడు నాలుగు రోజుల్లో తినేయాలి.

కొందరు దీన్ని బయట ఉంచి పులియబెడతారు. చీజ్ లాంటి పులుపు వాసన వస్తుందని. అందులో ప్రమాదం ఉంది. అమెరికాలో 2021లో పులియబెట్టిన జీడిపప్పు చీజ్ తిని కొందరు సాల్మొనెల్లా జబ్బున పడ్డారు. జీడిపప్పును వేడి చేయకుండా నానబెట్టి పులియబెడితే చెడ్డ బాక్టీరియా కూడా పెరగవచ్చు. పులుపు కావాలంటే నిమ్మరసం చాలు. ఎలర్జీ ఉన్నవారి కోసం చేసేటప్పుడు పాల పెరుగుతో తోడు అసలే పెట్టకూడదు.

మూడో పని కరిగి సాగడం. గింజలకు ఇదే అన్నిటికంటే కష్టం. వేడి తగిలినప్పుడు కేసీన్ వల మెత్తబడి సాగుతుంది. గింజల ప్రోటీన్లు అలా సాగవు, ఇంకా బిగుస్తాయి. అందుకే సోయా పనీరును పిజ్జా మీద తురిమితే కరగదు, ఎండిపోతుంది. సాగే గుణం కావాలంటే పిండి సాయం తీసుకోవాలి. కర్రపెండలం పిండి ఇందుకు బాగా పనికొస్తుంది. సగ్గుబియ్యం చేసేది ఈ దుంప నుంచే. నానబెట్టిన జీడిపప్పును నీళ్లతో రుబ్బి తీసిన ఒక కప్పు చిక్కని పాలలో రెండు పెద్ద చెంచాల కర్రపెండలం పిండి, ఉప్పు, ఒక చెంచా నిమ్మరసం కలపాలి. సన్నని సెగ మీద తిప్పుతూ ఉండాలి. అయిదారు నిమిషాల్లో గరిటెకు తీగలా సాగుతుంది. వేడిగా ఉన్నప్పుడే రొట్టె మీద గానీ, పిజ్జా మీద గానీ వేయాలి.

బజారులో దొరికే పాలు లేని చీజ్‌లలో చాలావాటి సూత్రం కూడా ఇదే. కొబ్బరినూనె, పిండిపదార్థం, రుచి కోసం మరికొన్ని. కరుగుతుంది, కొంతవరకు సాగుతుంది. కానీ అందులో ప్రోటీన్ దాదాపు ఉండదు. గడ్డకట్టే రకం కొవ్వు మాత్రం బాగా ఉంటుంది. పిల్లలకు చీజ్ బదులు ఇదే రోజూ పెడితే చీజ్ వల్ల వచ్చే బలం రాదు. సరదాకి ఒక పూట సరే. రోజువారీ ప్రోటీన్‌కి సోయా ముక్కే నయం.

ఇక కొనేటప్పుడు చూడాల్సినవి. ప్యాకెట్ మీది ఆకుపచ్చ చుక్కను నమ్ముకుంటే పొరబడతారు. ఆ చుక్కకు శాకాహారమని మాత్రమే అర్థం. పాలు కూడా శాకాహారం కిందికే వస్తాయి. పాలు సహా జంతువుల నుంచి వచ్చేది ఏదీ లేని ఆహారానికి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2022లో వేరే నిబంధనలు తెచ్చింది. దాని గుర్తు ఆకుపచ్చ రంగులో వి అక్షరం, దాని మీద చిన్న ఆకు. ఎలర్జీ కలిగించే పదార్థాలు ఉంటే ఆ సంగతి కూడా ప్యాకెట్ మీద రాయాలి. పాలు, సోయా, వేరుశనగ, జీడిపప్పు లాంటి గింజలు ఈ జాబితాలో ఉన్నాయి.

పదార్థాల వరుసలో కేసీన్, సోడియం కేసీనేట్, వే, మిల్క్ సాలిడ్స్ అని కనిపిస్తే అందులో పాలున్నట్టే. కాఫీలో కలిపే కొన్ని పొడులు నాన్ డెయిరీ పేరుతో వస్తాయి. వాటిలో కూడా సోడియం కేసీనేట్ ఉండవచ్చు. అనలాగ్ పనీరు అనేది ఇంకొకటి. ఇందులో వెన్నకు బదులు పామాయిల్ లాంటి నూనె వాడతారు. పాలపొడి మాత్రం తరచుగా కలుస్తుంది. అది చవక పనీరే తప్ప పాలు లేని పనీరు కాదు. హోటల్లో తినేటప్పుడు ఎలర్జీ ఉన్నవారు వడ్డించేది అనలాగ్ పనీరేమో అడిగి తెలుసుకోవాలి.

చివరగా, పాలు మానేస్తే తగ్గేవి. ఒకటి కాల్షియం. పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు. పాల పనీరు 100 గ్రాముల్లో 400 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. నిమ్మరసంతో విరగ్గొట్టిన సోయా పనీరులో అంత ఉండదు. కాల్షియం సల్ఫేట్‌తో విరగ్గొట్టిన టోఫులో బాగానే ఉంటుంది. కొనేటప్పుడు ప్యాకెట్ మీద ఆ పేరు వెతకండి. ఇంట్లో చేసుకునేవారు ఆ లోటును వేరే దారిలో పూడ్చుకోవాలి. రాగుల్లో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. రాగి సంగటి, మునగాకు, నువ్వుల పొడి వారంలో చాలాసార్లు పళ్లెంలోకి రావాలి.

రెండోది విటమిన్ బి12. మొక్కల నుంచి వచ్చే ఆహారంలో ఇది నమ్మదగినంత దొరకదు. శాకాహారులకు పాలే దీని ముఖ్యాధారం. గుడ్డు, మాంసం తినకుండా పాలు కూడా పూర్తిగా మానేసినవారు డాక్టరును అడిగి బి12 మాత్రలు వాడాలి. థైరాయిడ్ మాత్రలు వేసుకునేవారికి ఇంకొక సంగతి. మాత్ర ఒంటికి పట్టడాన్ని సోయా తగ్గించగలదు. రెండింటికీ మధ్య కొన్ని గంటల ఎడం ఉండాలి. ఏడాది లోపు బిడ్డకు పాలు పడకపోతే ఇంట్లో చేసిన సోయా పాలు, జీడిపప్పు పాలు పట్టకూడదు. అవి తల్లిపాలకు గానీ, డాక్టరు రాసిచ్చే పాలపొడికి గానీ సాటిరావు.

మొత్తం మీద గుర్తుంచుకోవాల్సినవి ఇవి. పడనిది పాలలోని చక్కెరా, ప్రోటీనా అన్నది ముందు తేల్చుకోవాలి. తర్వాత వంటలో పనీరు పని ఏమిటో చూడాలి. ముక్కగా నిలవాలంటే సోయా, అది పడకపోతే శనగపిండి. మెత్తగా పరుచుకోవాలంటే జీడిపప్పు. కరిగి సాగాలంటే జీడిపప్పు పాలకు తోడు కర్రపెండలం పిండి. పాలు పూర్తిగా మానేసిన ఇంట్లో కాల్షియం, బి12 ఎక్కడి నుంచి వస్తాయో కూడా మొదటి రోజే లెక్క చూసుకోవాలి.